కింది వరస కాయ

తిరుపతిలో మా కాలేజీ సెమినార్ హాల్లో
కోటు వేసుకున్నాయన ఒకాయన
"పరిచయాలే పెట్టుబడి" అని చెప్పి
ఏసీ చల్లదనంలో చెమట తుడుచుకున్నాడు.
మేమంతా వరసలో నిలబడి
తీర్థం పట్టుకున్నట్టు
కుడిచేతి కింద ఎడమచెయ్యి పెట్టి
ఆయన కార్డు తీసుకున్నాం.

రెండేండ్లలో పదిహేడు కార్డులు.
జామెట్రీ బాక్సులో పెట్టి రబ్బరుబ్యాండు వేసినా.
పదిహేడుమందికీ ఒకే ఉత్తరం:
గౌరవనీయులైన, తమరి, దయచేసి, అవకాశం.
పేరొక్కటే మార్చినా.
ఒకసారి అదీ మరిచిపోయినా.

పదహారుమంది పలకలేదు.
దామలచెరువు దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
నాణ్యత చూసే దిల్షాద్ మేడమ్
ఒక్క ముక్క రాసింది:
"నీ ప్రశ్న ఏంది?"

మార్కుల లిస్టు ఉండాది నా దగ్గర,
వార్డెన్ సంతకం పెట్టిన నడవడిక పత్రం ఉండాది.
ప్రశ్న లేదు.
వారం దినాలు వెతికినా,
టౌను బస్సులో, మెస్సు క్యూలో,
ప్లేట్లో సాంబారు చల్లారిపోయేదాకా.

దొరికింది. మా నాయన ఫోన్లో.
"ట్రాక్టరు లైన్లో పెట్టి మూడు దినాలాయ పాపా,
పై కాయ బాగుండాది,
కిందిది ఉడికిపోతా ఉండాది."

పై వరసకూ కింది వరసకూ తీపి ఒకటేనా మేడమ్,
మీరు పరీక్షకు కాయ యాడ నుంచి తీస్తారు?
అంతే రాసినా.
గౌరవనీయులైన అనే మాట ఆ రోజు గుర్తే రాలేదు.
"గురువారం రా. చెప్పులొద్దు, బూట్లు."

స్నేహితురాలి బూట్లు, ఒక సైజు పెద్దవి.
గేటు బయట రోడ్డు పొడుగునా తోతాపురి వాసన,
ట్రాక్టర్ల నీడలో చాపలేసుకుని పడుకున్న మనుషులు.
నలభై ఒకటో టోకెను ట్రాక్టరు మీద మా నాయన.
నన్ను చూసి, ఎరగనట్టు,
తువ్వాలు మొహమ్మీదికి లాక్కున్నాడు.
వాచ్‌మన్ నా పేరు రాసుకున్నాడు.

లోపల ఆమె నవ్వలేదు. బాగున్నావా అనలేదు.
చేతిలో రిఫ్రాక్టోమీటర్ పెట్టి,
"ముందు అద్దం తుడువు.
తుడవకుండా చూస్తే
ముందోడి కాయ తీపి నీ లెక్కలోకి వస్తుంది" అనింది.
తుడిచినా. చూసినా. చెప్పినా.
"మళ్లీ చూడు" అనింది. మళ్లీ చూసినా.
మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా మూత
నా పక్కకు జరిపింది, మాట్లాడకుండానే.

మూడు గంటలకు నలభై ఒకటి వచ్చింది.
ధర పడిపోతుందేమోనని తొందరపడి కోసిన కాయ,
నేను కూడా ఒక ఆదివారం కోసిన కాయ.
"పన్నెండున్నర" అన్నా.
గొంతు నాదే, యాడనో దూరం నుంచి వచ్చినట్టు.
ఆమె తనూ ఒకసారి చూసింది.
పన్నెండున్నర అని రాసింది.
నా మొహం చూసింది. ఏమీ అడగలేదు.

ఆ రాత్రి నాయన ఫోన్ చేయలేదు.
మరుసటి దినం చేసి,
"మిషను సరిగ్గానే చూసినావా?" అన్నాడు.
"చూసినా నాయనా."
"అయితే సరే" అన్నాడు. చాలాసేపు ఊరికే ఉండి పెట్టేసినాడు.

మామిడి అయిపోయింది. వానలు పడినాయి.
నాకు ఆమెతో పనేమీ లేదు, అయినా రాసినా:
మా ల్యాబులో జామగుజ్జు పాడైంది మేడమ్, ఎందుకో తెలీలేదు.
రెండు వారాలకు జవాబు: "సీసాలు ఎవరు కడిగినారు?"
సీసాలు కడిగింది నేనే.
అదీ రాసినా.

మళ్లీ మే నెల. హాస్టల్లో కరెంటు లేదు.
పదిన్నరకు ఫోన్ మోగింది.
"నువ్వు అడిగినావే పోయిన సంవత్సరం, కింది వరస కాయ.
పందొమ్మిదేండ్లుగా పైనుంచే తీస్తా ఉన్నాం.
ఈ దినం అడుగు నుంచి కూడా తీయించినా.
లెక్క కుదరలేదు నాకు.
అంకెలు పంపినా, చూడు. నువ్వేమనుకుంటావు?"

నన్నా మేడమ్, అనబోయి ఆగినా.
చీకట్లో నోటుబుక్కు తడిమినా, పెన్ను తడిమినా.
ఒక్క నిమిషం అని చెప్పి
చున్నీ కొనతో
ముందు కళ్లద్దాలు తుడుచుకున్నా.