రెండు పగళ్ళు, ఒక రాత్రి

మెడలో వేసుకోమన్న పట్టీ మీద
శేషుకుమారి పట్టలేదు, శేషు దగ్గరే ఆపేశారు.
చల్లటి తువ్వాలు పటకారుతో అందించారు,
ఒక్క ఖర్జూరం, దానికో వెండి పళ్ళెం.
బస్సులు దిగిన నూట నలభై మందిమీ
పెళ్ళివారిలా నవ్వుకుంటూ లోపలికి నడిచాం
పెళ్ళెవరిదో తెలియకుండానే.

రాస్ అల్ ఖైమా. కంపెనీకి పాతికేళ్ళు నిండిన పండగ.
సముద్రంలోంచి ఉప్పు తీసి మంచినీళ్ళమ్మే కంపెనీ.
చినగంజాం కొటార్లలో మా నాన్న
నీటిని ఎండకు తరిమి ఉప్పు పట్టేవాడు.
నేను ఉప్పును తరిమి నీళ్ళు పడతాను.
తడి దుప్పటిని తలో కొసా పట్టుకుని
పిండుతున్నాం ఇద్దరం, ముప్పై ఏళ్ళ తేడాతో.

భోజనాల బల్లల మీద నీలం గాజు సీసాలు.
అలవాటు కొద్దీ చీటీ చదివాను:
ఏదో మంచుకొండల దేశం నీళ్ళు.
కాల్షియం ఇంత, బైకార్బొనేటు ఇంత,
అచ్చం నేను రోజూ నింపే కాగితమే.
"మన నీళ్ళు లేవా?" అన్నాను.
తౌసీఫ్‌కి పొలమారింది.
అతని వీపు చరుస్తూ జోసెలిన్ అంది,
"మనవా? చూడు, గడ్డి ఎంత పచ్చగా ఉందో."

సాయంత్రం అందరి చేతా చెప్పులు విప్పించారు.
డెల్ఫీన్ అని ఒకావిడ, మనుషుల్ని కలపడం ఆవిడ వృత్తి,
తలకో చీటీ, తలకో పెన్సిలు పంచి
"మీ భయం రాయండి, ఇసుకలో పాతండి,
పోటు వచ్చి పట్టుకుపోతుంది" అంది.
కాగితాలు నీళ్ళలో వేయకూడదని
కాపలా అతను ఏదో చెప్పబోయాడు, అంతలో డప్పులు మొదలయ్యాయి.
అకౌంట్సు వాళ్ళు చేతులడ్డం పెట్టుకుని
పరీక్ష రాసే పిల్లల్లా రాశారు.
జవాబు అందరిదీ ఒకటేనని నాకు తెలుసు:
డిసెంబరు జాబితా.
నేను తెలుగులో రాశాను.
చుట్టూ ఎవరికీ రాని భాషలో
నిజం రాయడం తేలిక.

రాత్రి మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు.
ఒకదాన్ని విప్పి ముఖం తుడుచుకున్నాను.
రెండోదాన్ని చూస్తూ చాలాసేపు నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున ఐదింటికి
పొడుగాటి దంతెతో ఒకతను ఇసుక దువ్వుతున్నాడు.
ఆ లాగుడు నాకు తెలుసు,
నడుము ముందు వంగి, చేతులు తర్వాత కదిలే లాగుడు.
అతిథులు లేచేసరికి
ఇక్కడ ఎవరూ ఎప్పుడూ నడవనట్టు ఉండాలట.
చొక్కా మీద 'రాజ్' అని ఉంది.
పక్కన బకెట్లో మా భయాలు, తడిసి ముద్దై.
పోటు వచ్చింది, చూసింది, వదిలేసి పోయింది.

గవ్వ గుచ్చుకుని "అబ్బా" అన్నాను.
దంతె ఆగింది.
"తెలుగోళ్ళా మేడం?"
జేబులోంచి తీశాడు, విడిగా ఆరబెట్టి మడిచిన ఒక్క చీటీ.
"గిది మీదే గావచ్చు. చదివిన. తప్పైతే ఏమనుకోకుండ్రి."

'ఉప్పుతో పాటు నన్ను కూడా కొంచెం కొంచెం తీసేస్తున్నారు.
దేని రుచీ తెలియడం లేదు.'
పగటి వెలుతురులో ఎంత చిన్న మాటలు.

వాటి గురించి అతనేమీ అనలేదు.
"ఫోన్ల అచ్చరాలు ఎవరు రాసినా ఒక్క తీరుగనే ఉంటయి.
చేతిరాత చూడక ఏడేండ్లయె మేడం.
మా కోరుట్ల బడిల సారు గిట్లనే గుండ్రంగ రాస్తుండె.
మీకక్కెర లేకుంటే నేనుంచుకుంట."

ఉంచుకోమన్నాను. పేరడిగాను.
"రాజేశం. గాజుల రాజేశం."
నేనూ నా పేరు మొత్తం చెప్పాను.

తొమ్మిదింటికి గ్రూపు ఫోటో. ఇంకా టైముంది.
"జర జరుగుండ్రి మేడం,
మీరు నిలవడ్డ కాడ మిగిలింది."
జరిగాను.
దంతె అక్కడ ఒక్కసారి ఆడింది.