పనికి ముందున్న గుర్తు

పొద్దున తొమ్మిదికి కెమిస్ట్రీ,
మధ్యాహ్నం రెండుకి కెమికల్ ఇంజనీరింగ్.
నడుమ గిండీ ఎండ,
చెప్పుకి అంటుకునే తారు,
క్యాంటీన్లో చల్లారిన సాంబారన్నం.

పొద్దున సారు బోర్డు మీద
పనికి ముందు కూడిక గుర్తు పెడతారు.
మధ్యాహ్నం మేడమ్ అదే సూత్రంలో
తీసివేత పెడతారు.
ఇద్దరిదీ తప్పు కాదు.
పాత్ర మీద బయటివాళ్ళు చేసిన పని ఆయన లెక్క,
పాత్ర బయటికి చేసిపెట్టిన పని ఆవిడ లెక్క.
ఆ అడ్డగీత కింద
నావి ఆరు మార్కులు, ఇళవేనిల్‌వి ఆరు
పూడిపోయాయి.
"అత్తా కోడలూ ఒకే పద్దు పుస్తకంలో రాసినట్టుంది"
అంది తను తమిళంలో, వడ తుంచుతూ.
నాకు నవ్వు రాలేదు. ఆరు మార్కులు.

పొద్దుటి పుస్తకం మీద పర్మాంగనేట్ మరక,
మధ్యాహ్నం పుస్తకం మీద పంపు గ్రీజు.
పొద్దున బొట్టుబొట్టుగా బతుకుతాం.
బ్యూరెట్ చివర వేలాడే ఆ ఒక్క చుక్క
పడాలా వద్దా అని ఆలోచిస్తుంటుంది.
పడిందా, ఫ్లాస్కంతా
క్లాసులో పేరు పెట్టి పిలిచిన పిల్లలా
గులాబీ రంగు.
మధ్యాహ్నం చుక్కని ఎవరూ లెక్కచెయ్యరు.
గంటకి ఎన్ని టన్నులు?
వేడి ఎటు పోతుంది?
పోకపోతే ఎవరు పరిగెత్తాలి?

వంద మిల్లీలీటర్లలో, మంచు గిన్నెలో
బుద్ధిగా కూర్చున్న చర్యే.
వెయ్యి లీటర్లకి పెంచేసరికి
మేడమ్ లెక్కలో
పదకొండో నిమిషానికి మూత ఎగిరింది.
పాత్ర పెరిగేకొద్దీ
కడుపు ఘనంగా పెరుగుతుంది,
చర్మం వర్గంగానే.
చెమట పట్టడానికి చోటు చాలదు.
ఆ రోజు నుంచి
సాయంత్రం లోకల్ రైలు చూసినా
నాకు అదే లెక్క.

మునిరత్నం గాజు ఊదుతాడు.
డిపార్ట్‌మెంట్ వెనక రేకుల గదిలో
నీలం మంట, రంగు కళ్ళద్దాలు,
బుగ్గల్లో ముప్పై ఏళ్ళ గాలి.
వ్యాసార్పాడి తెలుగు ఆయనది:
"మళ్ళా పగలగొట్టినావా పాపా? సెరి, ఇట్ల తా."
నా కండెన్సర్ తిరిగి చేతికొచ్చేసరికి
అతుకు దగ్గర చిన్న కణుపు,
చెరుకు గడకున్నట్టు.

మూడో ఏడు మణలి తీసుకెళ్ళారు.
బస్సు మేం దిగకముందే
వాసన బస్సెక్కింది.
గొట్టాల కట్ట ఊడదీసి నేల మీద పడుకోబెట్టారు,
లారీ అంత పొడుగు.
ఒకాయన కడ్డీతో తోముతున్నాడు,
ఒకటి తర్వాత ఒకటి, తొమ్మిది వందల గొట్టాలు.
ఫోన్లో నా తెలుగు విని తల తిప్పాడు.
ఏ కాలేజీ అని అడిగాడు. చెప్పాను.
"గాజు మునిరత్నం మా అన్న.
ఆయన ఊదేదీ నేను తోమేదీ ఒకటే పాపా,
సైజే వేరే."
ఏకాంబరం. మెడలో కాంట్రాక్టు పాసు,
మోచేతుల దాకా గోధుమరంగు బురద.

ఆ బురదకి మా పట్టికలో ఒక అంకె ఉంది.
వేడి దారికి మురికి పెట్టే అడ్డు:
సున్నా పాయింట్ సున్నా సున్నా సున్నా రెండు.
పరీక్షలో మర్చిపోతే ఒక మార్కు పోతుంది.
ఆ అంకె
ఆయన గోళ్ళలో ఉంది.

నాలుగు పేజీల రిపోర్టు రాశాను.
లోపలికొచ్చే వేడి, బయటికెళ్ళే వేడి,
పంపు తాగే కరెంటు.
పని దగ్గరికొచ్చి పెన్ను ఆగింది.
పైన ఒక వాక్యం చేర్చాను:
ఎవరు ఎవరి మీద చేసిన పనో
ముందు చెప్పుకుందాం.
మేడమ్ దాని పక్కన టిక్కు పెట్టారు.
సారు ప్రశ్నార్థకం పెట్టారు.

సోమవారం మునిరత్నానికి చెప్పాను,
మణలిలో మీ తమ్ముడు కనపడ్డాడని.
మంట తగ్గించాడు.
"తిన్నాడా? అడిగినావా?"

ఒత్తిడి అడిగాను. ఉష్ణోగ్రత అడిగాను.
నీళ్ళు గంటకెంతో
రెండుసార్లు అడిగాను.

ఆయన మంట పెంచి
గాజు గొట్టం తిప్పడం మొదలుపెట్టాడు.