గళ్ల నోటుపుస్తకం

త్వోరోయిరి రేవులో చేపల ఫ్యాక్టరీ.
పొద్దున ఆరు నుంచి రెండు దాకా
కాడ్ చేపల పొట్టలు కోయడం నా పని.
ఒక్క గీత, ఒక్క లాగుడు,
పేగులన్నీ నీలం తొట్టిలోకి.
ఎంత తేలిగ్గా వచ్చేస్తాయో చూసి
ఒక్కోసారి కుళ్లుకుంటాను.
కడుపుమంట అనే మాటకి
నా దగ్గర రెండర్థాలూ ఉన్నాయి.

మాత్రలు మానేసి మూడేళ్లు.
వీరత్వమేమీ కాదు.
స్టెరాయిడ్లు మొహాన్ని రొట్టెలా పొంగించాయి,
రాత్రి రెండింటికి లేపి అల్మరాలు తుడిపించాయి,
రన్వాని అనకూడని మాటలు అనిపించాయి.
తర్వాతి మందు కాలేయానికి పడలేదు.
ఆ తర్వాతిది సూది.
దానికి రాజధాని వెళ్లాలి, ఓడలో రెండు గంటలు,
ఓడలో మరుగుదొడ్లు నాలుగు,
చలికాలం కెరటాలకి నాలుగింటి ముందూ క్యూ.
"కొన్నాళ్లు నేనే చూసుకుంటాను" అన్నాను.
డాక్టర్ బిర్నా ఒప్పుకోలేదు, తిట్టనూ లేదు.
రక్తపరీక్షల తేదీలు రాసి చేతికిచ్చింది.
రెండింటికి వెళ్లాను. మిగతావి మర్చిపోయాను,
మర్చిపోవాలని.

అప్పుడు కొన్నాను ఈ గళ్ల పుస్తకం.
ఉడికించిన బంగాళాదుంప: సరే.
తొక్కతో: కాదు.
కాడ్, ఉప్పు మాత్రమే: సరే.
రుబార్బ్: జన్మలో వద్దు.
గాలికి తొమ్మిది నెలలు ఆరిన గొర్రెమాంసం
క్రిస్మస్ నాడు గోరంత తిన్నాను,
ఆ పేజీ ఖాళీ. రాసే స్థితిలో లేను.
అత్తగారు వచ్చిన వారం: తిండికి సంబంధం లేదు.
ఏడు గంటల నిద్ర, కొండదాకా నడక,
కడుపులో చల్ల కదలకుండా పద్దెనిమిది రోజులు.
ఆ పద్దెనిమిది చుట్టూ ఎర్ర సిరాతో
పిల్లాడిలా చుక్కలు పెట్టుకున్నాను.

రెండో ఏడు బాగుంది. మరీ బాగుంది.
పక్కింటి యోగ్వన్ తమ్ముడికోసం
నా పద్ధతేమిటని అడిగాడు.
చేతులు తిప్పుతూ గంటసేపు చెప్పాను.
ఇప్పుడు ఆ తమ్ముడెలా ఉన్నాడో
అడగడానికి నోరు రాదు.

నాన్న సకారిస్
ఆదివారం భోజనంలో మూడుసార్లు లేచేవాడు.
"సముద్రం ఇంకా లోపల ఊగుతోంది" అనేవాడు,
పడవ దిగి పదేళ్లయినా.
మేం నవ్వేవాళ్లం.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని
ఆయన ఎన్నడూ ఏదీ చించుకోలేదు.
బెల్టుకి మేకుతో కొత్త చిల్లులు పొడుచుకుంటూ
పొడుచుకుంటూ
నలభై తొమ్మిదికి పోయాడు.
ఆ బెల్టు నా దగ్గరే ఉంది.
చివరి చిల్లు నాకు సరిపోతుంది.

ఫిబ్రవరిలో, గాలికి ఓడ ఆగిపోయిన మంగళవారం,
పుస్తకం తెరిస్తే
నా రాత కింద పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలు.

ఓట్సు గంజి: సరే.
పాలు: కాదు.
ఇవాళ నేనూ మూడుసార్లు.
నాన్నా, సరిగ్గానే రాస్తున్నానా?

బైంతాకి పదకొండేళ్లు.
వెనక్కి తిప్పితే నవంబరు నుంచీ ఉన్నాయి,
మూలల్లో, నా పెద్ద అక్షరాలకి అడ్డం రాకుండా
ఒదిగి ఒదిగి.
నా చుక్కల్లాగే తనూ
ఒకచోట రెండు చుక్కలు పెట్టుకుంది.

నా కడుపు నా ఇష్టం అన్నాను మూడేళ్లు.
ఆ "నా" ఎక్కడిదాకా పాకిందో
గళ్ల మధ్య వేలు పెట్టి చూస్తూ
వంటింట్లో నిలబడిపోయాను.
రన్వా వచ్చి పుస్తకం తీసుకుని చదివింది.
ఏమీ అనలేదు. ఫోను నా ముందుకి జరిపింది.

గురువారం గాలి తగ్గింది.
కిటికీ పక్క సీటు వద్దంది బైంతా,
తలుపు దగ్గరిది కావాలంది.
అది ఎందుకో నాకు తప్ప
ఆ ఓడలో ఎవరికీ తెలియదు.
"డాక్టరు నాకు మందిస్తుందా?"
"అడుగుదాం."
"నీకూ?"
ఓడ ఒక పక్కకి ఒరిగింది. కాఫీ కప్పులు జారాయి.
"నాకూ" అన్నాను,
కెరటం చప్పుడులో వినబడిందో లేదో.

లేచి చెయ్యి పట్టుకు తీసుకెళ్లి
నాలుగింటిలో గడియ సరిగ్గా పడేది ఏదో
ముందు అది చూపించాను.