చేదు నీళ్లు

జూన్ నెల. రాత్రంతా ఆరుబయట
పిడికెడంత దుంపలు పరిచి వదిలేశాం.
చేదు రకం, కొరికితే నాలుక మొద్దుబారేవి.
పైన ఏమీ కప్పలేదు. చలి తినాలనే కదా
ఇంత ఎత్తుకి మోసుకొచ్చింది.

తెల్లారగానే అవ్వ హిలారియా చెప్పులు విడిచి
కుప్ప మీదికెక్కింది.
మడమల కింద మంచు పటపటమంది.
నేను బడిలో సైన్సు చెప్తాను, నోరూరుకోదు:
అవ్వా, దుంపలో ప్రతి కణానికీ ఒక నీటితిత్తి.
రిక్తిక అంటాం, పేరుకే రిక్తం.
ఇంట్లో ముప్పాతిక చోటు దానిదే.
నీళ్లు, ఉప్పులు, పురుగు నోరు కాల్చే చేదు
అన్నీ అందులోనే మూటకడుతుంది.
రాత్రి ఆ నీళ్లే సూదులై
తిత్తిని లోపల్నుంచి చీల్చేశాయి.

అవ్వ తొక్కడం ఆపలేదు.
"చీలితేనే కదే చేదు పోయేది!"

పోయిన ఏడు బడి సూక్ష్మదర్శినిని
దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చాను.
వెంట్రుకంత పలుచని దుంప ముక్క మీద
అయోడిన్ ఒక్క బొట్టు.
రంగులేని సంచుల్లో పిండిగింజలు
నల్లటి నీలంగా తేలాయి.
అవ్వ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"గాదెలు" అంది,
"మా నాయన కట్టినవాటి కంటే వరసగా ఉన్నాయి."

తమ్ముడు ఎలోయ్ అల్పాకా తోలు మీద కూర్చుని ఉన్నాడు.
పందొమ్మిదేళ్లు. ఈ కుప్ప ఎక్కలేడు.
మెట్లెక్కితే మధ్యలో నిలబడి
కొండల్ని చూస్తున్నట్టు నటిస్తాడు.
అరెకిపాలో డాక్టరమ్మ వాడి తొడ నుంచి
చిటికెడు కండ తీసి చూసింది.
కణంలో పాతసామాను విరగ్గొట్టే గదులుంటాయి,
లైసోజోములు. వాడి గదుల్లో
ఒక్క కత్తెర లేదు, పుట్టుకతోనే లేదు.
లోపలికొచ్చిన గ్లైకోజెన్ తెగదు, బయటికి పోదు.

"గాదె నిండా ఉండీ
పొయ్యిలో పిల్లి లేవలేదన్నమాట" అంది అవ్వ.
కాదవ్వా, పొయ్యి మండుతూనే ఉంది,
మైటోకాండ్రియా తమ పని తాము చేస్తూనే ఉన్నాయి.
ఆ ఒక్క గదే ఉబ్బి, ఉబ్బి
కండపోగుల్ని పక్కకి నెట్టేస్తోంది.

"అయితే నన్నూ ఒక రాత్రి బయట పరవండి,
పొద్దున్నే అవ్వ తొక్కుతుంది" అన్నాడు ఎలోయ్.
అవ్వ శాలువా కొసతో వాణ్ని కొట్టింది.
ముగ్గురం నవ్వాం. నేను ముందు ఆపాను.

దుంపకి గోడ ఉందిరా.
తిత్తి చీలినా, ప్రాణం పోయినా
ఆకారం నిలబడుతుంది, పదేళ్లైనా పిండి చెడదు.
మన కణానికి గోడ లేదు,
ఊపిరాడినంత పలుచని పొర, అంతే.
నిన్ను చీల్చి బాగుచేసే చలి ఎక్కడా లేదు.

మందుందట.
దూరదేశంలో ఉక్కు తొట్టెల్లో
చిట్టెలుక కణాలు ఆ కత్తెరని అల్లుతాయట.
గాల్జీ దాన్ని సర్ది, మడిచి,
మీద చక్కెరతో చిరునామా అతికిస్తుందట,
ఏ ఒంట్లోకి ఎక్కించినా
సరిగ్గా ఆ గది తలుపే తట్టేలా.
రెండు వారాలకొక సీసా, బతికినంతకాలం.
దరఖాస్తు లీమాలో ఉంది. ఆరోసారి
అమ్మ వేలిముద్ర సరిగ్గా పడలేదని తిప్పిపంపారు.

తొక్కిన దుంపల్ని వలసంచుల్లో కట్టి
ఏట్లో దించాలి, మూడు వారాలు.
ఎలోయ్ వేళ్లకింకా బలముంది.
ఒక్కో సంచి మూతికీ ఎర్ర ఉన్ని చుట్టి
మన ఇంటి ముడి వేస్తాడు,
ప్రవాహం లాక్కెళ్లినా
దిగువనెవరో చూసి, ఇది ఫలానా వాళ్లదని
తిరిగి తెచ్చిచ్చేలా.

వాడు ముడి బిగిస్తుంటే నేను సంచి పట్టుకుంటాను.
నీళ్లు ముందు నురగగా, తర్వాత పసుపుగా,
ఎవరినీ ఏమీ అడగకుండా
చేదుని మోసుకుపోతున్నాయి.
"ఇంకెన్ని?" అంటాడు వాడు.
నేను లెక్కపెడతాను.