పురుగు తిన్న మాట

ఛత్తా బజార్‌ల పెండ్లి కార్డుల ప్రెస్సుల నడుమ
మూడు మెట్లు దిగితే వాసే మామూ దుకాణం.
బోర్డు లేదు.
మైదా గంజిల మైలుతుత్తం ఉడికే వాసనే బోర్డు.
యాభై ఏండ్ల సంది ఊడిన కితాబులకు
వీపులు కడుతున్నడు.

గచ్చిబౌలి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన.
సంచిల సెమినార్ పేపరు,
పొద్దున చప్పట్లు పడ్డ వాక్యం ఇంకా నాలిక మీదనే:
సత్యమంటూ లేదు, ఎవరి కథ వాళ్లదే.
నేను తెలుగుల చెప్పిన. మామూ ఉర్దూల విన్నడు.

"ఎవరు చెప్పిన్రు?" తల ఎత్తకుండనే.
మా సార్.
"ఆయనకు?"
ఒక పుస్తకం.
"దానికి?"
పారిస్‌ల ఎవరో.
"అబద్ధమాడేటోడా? యాది గట్టిదేనా?
మీ సార్‌ను ఎన్నడన్న కలిసిండా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలే.
ఆయన చదివిన మదర్సాల
ఒక్క మాటను లోపలికి రానియ్యాలంటె
పెండ్లి సంబంధం కన్న ఎక్కువ ఆరా తీసేటోళ్లట:
ఎవరి నోట్లెకెల్లి, ఎవరి చెవుల, ఏ ఊర్ల, ఎన్నడు.

మేమూ అదే అడుగుతం మామూ, అన్న.
మాట్లాడేదెవరు, ఏ కుర్చీల కూసోని?
మీ గొలుసుల నానీమా పేరుందా?
కుట్టుమిషన్ తొక్కుకుంటనే
గల్లీ పిల్లలందరికి చదువు చెప్పింది కద,
ఒక్కరన్న "ఆమె చెప్పంగ విన్న" అని రాసిన్రా?

సూది ఆగింది.
"ఆడోళ్ల నోటి హదీసులు ఎన్నో..." అనబోయిండు.
మనింట్ల? అన్న.
"మనింట్ల లేదు."
గంజి మీద మీగడ కట్టింది.

చానాసేపటికి ఒక వరఖు తీసి
ట్యూబ్‌లైటుకు అడ్డం పట్టిండు.
బెల్లం రంగు కాయితం, నల్లసిరా,
వాక్యం నడుమ కందిగింజంత బొక్క.
పురుగు సరిగ్గ క్రియనే తిన్నది.
చేసెనో, చేయకపోయెనో.

అగో, నేననేది అదే! అన్న.
ఎవరికి తోచింది వాళ్లు నింపుకుంటరు.

మామూ పల్చటి కాయితం తడిపి
బొక్క మీద అతికించిండు. ఏం రాయలే.
ఖాళీని ఖాళీగనే కుట్టిండు.
"మా ఉస్తాద్ పేజీలకు పేజీలు రాసి
ఆఖరికి 'అల్లాకే బాగ ఎరుక' అని కలం పెట్టేటోడు.
నాకు తెల్వదు అనుడు సగం ఇల్మ్ బిడ్డా.
తెల్వనీకె ఏమే లేదు అనుడు..."
పంటితోని దారం తెంపిండు.
వాక్యం కూడ.

నిప్పున్నదని వినుడొకటి, చూసుడొకటి, కాలుడొకటి,
నా ఆరేండ్లప్పుడు ఇదే పొయ్యి కాడ చెప్పిండు.
మూడోదానికి ఆయన బొటనవేలి మచ్చ సాక్షి.

ఎందుకో ముబీన్ యాదికొచ్చిండు.
పోయినేడు మొఘల్‌పుర మూలమీద కొట్టిన్రు.
మూడు కాయితాలు, మూడు కథలు.
నేనూ ఒక వ్యాసం రాసిన, మూడూ కథనాలే అని,
మంచి మార్కులొచ్చినయి.
ముబీన్ ఎడమ చెవికి మాత్రం
ఏ కథనం ప్రకారం చూసినా ఇనవడదు.

నయాపూల్ మీద బస్సు ఆగిపోయింది.
కింద మూసీ వాసన, ముందర హారన్లు.
పేపరు తీసిన, పొద్దటి వాక్యం కొట్టేద్దామని.
కొట్టెయ్యలే.
పక్కన పెన్సిల్‌తోని రాసిన: ఎవరు చెప్పిన్రు?
దాని కింద ఇంకో లైను:
మహబూబున్నీసా చెప్పంగ
ఆమె మనవరాలు తస్నీమ్ విన్నది...

ఏం విన్నదో యాదికి రాలే.
అఫ్జల్‌గంజ్ దాక ఆలోచించిన.
రాలే.
నింపలే.
కందిగింజంత జాగ వదిలిన.