నలభై

అల్లూరు దాటాక
చెయిను టక్కున చిన్న చక్రమ్మీదికి దూకింది.
ఇంక మాటల్లేవు.

రొయ్యల గుంటల్లో నీళ్లు చిమ్మే రెక్కలు,
ఉప్పుకయ్యల్లో పరుచుకున్న తెల్లారుజాము,
పాలక్యాన్ల మోపెడ్ మీద మస్తానయ్య
"యాడికబ్బాయా అంత..."
మిగతా సగం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ముప్పయ్యేడు. ముప్పైతొమ్మిది.
తొడల్లో పచ్చిమిరపకాయ మంట.
నలభై!
గట్టిగా అరిచాను.
వినడానికి ఒక కొంగ ఉంది, అదీ లేచిపోయింది.

కాలవ వంతెన ఎక్కేప్పుడు
గుండె చెవుల్లోకొచ్చి కూర్చుంది.
దిగేప్పుడు నేను లేను,
చొక్కా ఒక్కటే ఎగురుతా పోయింది.

కొత్తపట్నం. ఇసక.
సైకిలు దిగితే కాళ్లు నావి కావు.
అప్పుడు తెలిసింది,
ఇందాకట్నుంచీ వీపు మీద చెయ్యేసి తోసింది
పడమటి గాలేనని.
తిరుగుదారిలో వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

చెయ్యనీ.
నలభై నలభయ్యే.