తీర్మానం నంబరు నాలుగు

పదింటికని చెప్పిన మీటింగు
పదకొండున్నరకు మొదలైంది.
నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డు, మయూరి ఎన్‌క్లేవు.
నెమలి గేటు మీదనే ఉంది, సిమెంటుది.
ఒక కన్నుకు రంగెయ్య మరిచిన్రు.

చేతిరాత గుండ్రంగ ఉంటదని
మినిట్సు బుక్కు నా ఒళ్లె పెట్టిన్రు.
అజెండల నాలుగోది: పార్కులకు పేర్లు.
లేఔటు కాగితం మీద ఇప్పటికైతె
ఓపెన్ స్పేసు ఒకటి, ఓపెన్ స్పేసు రెండు.
మూడోదానికి అది గూడ లేదు,
ఉత్త ఆకుపచ్చ గీతలు.

ఇరవై మూడో ప్లాటు ఎల్లారెడ్డి సారు లేచిండు.
"మా నాయిన పేరు పెడితె బెంచీలు నేనేపిస్త."
ఎన్ని బెంచీలని అడిగిండు ఖజాంచి.
నాలుగన్నడు.
ఎనుక కుర్చీలల్ల గుసగుస లేసింది.
ఆరన్నడు.
ఆరు బెంచీల తండ్రిని
పెన్సిలుతోని రాసుకున్న.

ఒకాయన రోజ్ గార్డెనన్నడు.
గులాబి మొక్క ఏడుందో ఆయనే చెప్పాలె.
మొయినుద్దీన్ భాయి బత్తాయి బాగన్నడు.
మూడు వందల చెట్లుండె ఈడ, పూతకొస్తె
బస్సుల నిద్రపోయేటోళ్లు గూడ లేచి కూసుంటుండె.
"నరికిన చెట్ల పేరు వాస్తుకు మంచిది గాద"ని
వెంచరోళ్ల పిల్లగాడు నెమ్మదిగ నచ్చజెప్పిండు.
భాయి టోపీ తీసి దులుపుకున్నడు,
దుమ్మేం లేకున్నా.

కృష్ణ అని పెడుదాం, అన్నది వినోద.
దేవుని పేరా? కాదు, నల్లల నీళ్ల పేరు.
చెప్పినంతసేపు ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నది.
ఎందుకని ఎవ్వరడగలే.
ఈ జిల్లాల అడగరు.

ట్యాంకరు పైపు చుట్టుకుంట సైదులన్నడు,
ఎవ్వరు అడగకముందే,
"ఒకటోదానికి పేరున్నది గద సారు,
అయిదుబోర్ల చెలక.
అయిదేసిన్రు. అయిదోదాంట్ల తెల్లదుమ్ము లేసింది,
సున్నమోలె, మూడొద్దులు తగ్గలే.
రెండు కేసింగులు ఇంక ఉన్నయి,
జారుడుబండ కింద."

ఆ మాటకు ఇద్దరు తల్లులు లేచి
పిల్లలను చూసేతందుకు ఉరికిన్రు.
ఇది రాయాల్నా అంటె వద్దన్నడు సెక్రటరి.
రాసిన.
మూతలు బిగించాలె అని అయిదో తీర్మానం.
ఆ పొద్దు చేతులన్ని లేసింది దానికొక్కదానికే.

పేర్లకు మాత్రం చీటీలు. లడ్డూల డబ్బ. నెయ్యి వాసన.
ప్లాటుకొక ఓటు, అరవై ఒక్క చీటి.
ఇప్పి సదువుతుంటె అరవై రెండోది తేలింది,
బీడీకట్ట కాగితం మీద వంకరటింకర అక్షరాలు:
"పేరేదన్న పెట్టుండ్రి.
గేటుకు తాళం మాత్రం ఎయ్యకుండ్రి."

ఎవలదని ఎతికిన్రు.
ఊడ్చే లచ్చుమమ్మకు రాయరాదు.
మేస్త్రి మంగ్తా గోడ దిక్కు తిరిగి తాపీ కడుగుతుండు,
కడిగిందే కడుగుతుండు.
చెల్లదన్నడు సెక్రటరి.
చెల్లనివి: ఒకటి, అని రాసి
ఆ చీటిని బుక్కుల పెట్టి మూసిన.

ఒకటోది, ఎల్లారెడ్డి సారు నాయిన.
రెండోది, కృష్ణ.
మూడోదానికి రెండు పేర్లకు సమానంగ పడ్డయి,
కొట్లాటయి వాయిదా పడ్డది.

నెల తిరిగేసరికి రెండింటికి బోర్డులొచ్చినయి,
బోర్డులెంబడి గేట్లు, గేట్లెంబడి తాళాలు.
పొద్దుగాల ఆరుకు, మాపటీలి అయిదుకు తీస్తరు.
మూడోదానికి బోర్డు లేదు. అందుకే బిల్లు కాలే.
మిట్టమధ్యాన్నం పోతె అండ్ల
లచ్చుమమ్మ సద్దిగిన్నె ఇప్పుకుంటది,
ఇసుక కుప్ప మీద తువ్వాలేసి మంగ్తా పంటడు,
బడి ఎగ్గొట్టిన ఇద్దరు
కట్టెపుల్లతోని భూమికి గీతలు గీస్తుంటరు.

ఈ ఆదివారం మళ్ల మీటింగు.
అజెండ రాసేది నేనే.
కుర్చీల కిరాయి రాసిన, కుక్కల సంగతి రాసిన,
వీధిలైట్లు రాసిన.
ఇంకొకటుండె.
మరిచిన,
నెమలి కన్నోలె.